ఇసుక కాదు, సున్నం: నాగలమడిక నుంచి మంగళవాడ దాకా ఒక రోజు

పోయిన నెల మా పాత కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. జంతుశాస్త్రం ల్యాబ్‌లో కోతలు మానేసి చాలా ఏళ్లయింది, ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెడుతున్నారు, ఏ సీసా ఉంచాలో ఏది పారేయాలో తెలిసిన మనిషి కావాలి, ఒకసారి వచ్చి పొమ్మన్నారు. హిందూపురంలోని ఆ కాలేజీలో నేను ముప్పై ఏళ్లు ల్యాబ్ అటెండర్‌గా పనిచేశాను. చదివింది పదో తరగతి. కప్పలు, బొద్దింకలు, వానపాములు తెప్పించడం, ట్రేలలో మైనం పోయడం, పిల్లలు వెళ్లాక అన్నీ కడగడం నా పని. అల్మారా అడుగున పాత ప్రాక్టికల్ పుస్తకం ఒకటి దొరికింది. వానపాము ముందు భాగం కోసి చూపించిన బొమ్మ అందులో ఉంది. ఆ బొమ్మను నేను వందలసార్లు గోడకు తగిలించాను గాని దాని కింద రాసింది ఎన్నడూ చదవలేదు. గొంతుకు రెండు పక్కలా చిన్న సంచుల్లాంటివి గీసి, పక్కన ఒక పేరు రాసి ఉంది. అక్కడే ఉన్న కొత్త లెక్చరర్‌ను, అవేమిటి మేడం అని అడిగాను.

ఆమె ఓపికగా చెప్పింది. కొన్ని రకాల వానపాములకు గొంతు పక్కన సున్నం తయారుచేసే గ్రంథులు ఉంటాయట. తిన్న మట్టిలో, కుళ్లిన ఆకులో ఉన్న కాల్షియాన్ని తన ఒంట్లోని బొగ్గుపులుసు వాయువుతో కలిపి అది గింజలు కడుతుంది. నత్త గుల్ల కట్టుకున్నట్టు, కోడి గుడ్డుకు పెంకు పోసినట్టు. సముద్రంలో వీటి చుట్టాలు కొన్ని తమ చుట్టూ సున్నపు గొట్టమే కట్టుకుని అందులో కాపురం ఉంటాయట. వానపాము మాత్రం ఆ గింజలను తినగా మిగిలిన మట్టితో కలిపి బయటికి వదిలేస్తుంది. చేత్తో తడిమితే అవి ఎలా ఉంటాయని అడిగాను. గరుకుగా, ఇసుకలాగా ఉంటాయంది. మరి బెంగళూరు కంపెనీ నుంచి సీసాల్లో నిలవ చేసి పంపే వానపాముల్లో ఎందుకు కనిపించేవి కావని అడిగాను. ఫార్మలిన్ నిలవ ఉంటే పులుస్తుంది, నెలల తరబడి అందులో ఉంటే ఆ సున్నం కరిగిపోతుంది అంది. రెండు రోజుల తరువాత పావగడ బస్సెక్కాను.

ఆరుంబావుకు హిందూపురంలో బయలుదేరిన బస్సు ఎనిమిదికి కర్ణాటకలోని పావగడ చేరింది. టికెట్ ఎనభై రూపాయలు. బస్టాండు ఎదురుగా ముప్పై రూపాయలకు మూడు ఇడ్లీ, వడ పెడతారు, చట్నీ కారంగా ఉంటుంది. అక్కడి నుంచి నాగలమడికకు అరగంట. ఈ దారి నాకు కొత్త కాదు. కాలేజీ తెరిచాక ఒకసారి, తొలకరి ముదిరాక ఇంకోసారి, ఏడాదికి రెండు మూడు విడతలు వానపాముల కోసం ఇక్కడికి వచ్చేవాణ్ని. అప్పట్లో ఏటి ఒడ్డున అంజినప్ప, ఆయన భార్య రామక్క ఉండేవాళ్లు. ఉత్తర పినాకిని అంటే ఆ రోజుల్లోనూ ఎక్కువగా ఇసుకే. ఒడ్డున ఉన్న కొబ్బరి తోటల్లో, పేడదిబ్బల పక్కన మాత్రం నేల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. రామక్క అక్కడ తడి గోనెపట్టా పరిచి, రెండు రోజులాగి ఎత్తేది. కింద జానెడు జానెడు వానపాములు ఉండేవి. ఇక్కడివాళ్లు వాటిని ఎర్రలు అంటారు.

ఆమె వాటిని వెంటనే కుండలో వేసేది కాదు. ఒక రాత్రంతా శుభ్రమైన తడి గోనె మీద ఉంచి, కడుపులోని మట్టి అంతా వదిలించి, కడిగి, తడిపిన చెత్తలో సర్ది ఇచ్చేది. కోసేటప్పుడు లోపల మట్టి ఉంటే పిల్లలకు ఏమీ కనిపించదని ఎవరు చెప్పారో, ఆమె తనంతట తానే కనిపెట్టిందో నాకు తెలియదు. ఊళ్లో ఆమెను కాలేజీ రామక్క అనేవాళ్లు. ఒకసారి కుండ తానే మోసుకుని నాతోపాటు బస్సులో హిందూపురం వచ్చి, ల్యాబ్ గుమ్మంలో నిలబడి, పిల్లలు కోయడం చూసింది. వెళ్లేటప్పుడు, ఈసారి ఇంకా మంచివి తెస్తానంది.

ఆ తరువాతి ఏడాదే అది జరిగింది. ట్రేలు కడుగుతుంటే వేళ్లకు గరుకుగా తగిలింది. బ్లేడు అంచులు పాడవుతున్నాయని పిల్లలు అన్నారు. గొంతు దగ్గర ఇసుక రేణువులు ఉన్నాయి సార్ అని నేనే అప్పటి లెక్చరర్‌కు చెప్పాను. బెంగళూరు సీసాలోవి నాలుగు తీసి కోసి చూశాం. వాటిలో ఏమీ లేదు. పొడుగు, లావు ఉన్న వాటికే ఎక్కువ ధర ఇచ్చేవాళ్లం కాబట్టి, లావుగా కనిపించాలని ఇసుక మేపారని తేల్చాం. అంజినప్ప తరువాతి కుండ తెచ్చినప్పుడు కాలేజీ గేటు దగ్గర ఆ మాట చెప్పింది నేనే. ఆయన కుండ దించకుండానే విన్నాడు. తిరిగి వెళ్లిపోయాడు. అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది.

నాగలమడికలో టీ అంగడి ఆయన్ను అడిగితే, వాళ్లు ఊళ్లో లేరన్నాడు. "అంజినప్పనా? ఆయప్ప వల్లూరికి పోయి శానా ఏండ్లాయ. సోలార్‌కు భూమిచ్చినాడు గదా, గేటుకాడ కూచోబెట్టినారు. ఆయమ్మ గడ్డి కోస్తాది." వల్లూరికి ఆ వేళప్పుడు బస్సు లేదు. నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ శివన్నకు ముప్పై ఏళ్లుంటాయి. సోలార్ ప్యానెళ్లు చూడ్డానికి వచ్చానని అనుకున్నాడు.

"ఫోటోలు తీసేరు సార్, లోపల ఒప్పరు. రోడ్డు మీంచి తీసుకోండి. అయినా ఏముండాది చూసేదానికి? ఒగటి చూస్తే అన్నీ చూసినట్లే."

ఒకటి చూస్తే అన్నీ చూసినట్టు కాదు. ఊళ్లు దాటాక ఎర్రమట్టి మీద నల్లటి పలకలు మొదలయ్యాయి, గుట్టల అడుగు దాకా అవే. ఈ దారిలో ఆగస్టు నెలలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే వేరుశనగ పచ్చగా, పసుపు పూలతో కనిపించేది. కొన్ని ఏళ్లు ఎండిపోయి కూడా కనిపించేది. ఎండిపోయిన ఏళ్లే ఎక్కువని శివన్న గుర్తుచేశాడు. "మా నాయన ఏడేండ్లు ఏస్తే రెండేండ్లు కాసింది సార్. ఇప్పుడు యాడాది యాడాదికి కౌలు వస్తాది. బాగుండాదా లేదా అని మీరు అడగాకండి, నేను చెప్పలేను."

అంజినప్ప గేటు పక్కన రేకుల కొట్టంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నీలం చొక్కా, తలకు తువ్వాలు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, ఎవరు కావాలని కన్నడంలో అడిగాడు. నేను తెలుగులో పేరు చెప్పి, హిందూపురం కాలేజీ ల్యాబ్ అన్నాను. కాసేపు చూశాడు.

"బతికే ఉండావా?"

"ఉన్నాను. రిటైరయ్యాను."

"మళ్లా ఎర్రలు కావల్లనా?"

"ఇప్పుడు కోయడం లేదప్పా. కంప్యూటర్‌లో చూపిస్తున్నారు."

"మంచిదేలే. కంప్యూటర్లో ఎర్రకైతే ఎవురూ ఇసక మేపే పనిలేదు."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. అది ఇసుక కాదు, ఎర్ర తన గొంతులో తానే చేసుకునే సున్నం, సీసాలో అది కరిగిపోయింది, మాకు తెలియక మీ మీద మాట వేశాం, తప్పు నాది. నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఇవే. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆయన కోప్పడతాడని, లేదా పోనీలే అంటాడని అనుకున్నాను. రెండూ కాలేదు. ఆయన ముఖం ఇంకోలా అయింది. "ఆమెతో చెప్పినావా?" అన్నాడు.

"లేదు. మొదట నీకే."

"నాకు చెప్పి ఏం ఫలం? నేను ఆ పొద్దు నిన్ను నమ్మి ఆమెను అంటి."

అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు. కాలేజీ వాళ్లు పేదవాణ్ని అవమానించారని ఆయన మా మీద కోపంగా ఉంటాడనుకున్నాను. ఆయన మా మాట నమ్మాడు. నమ్మి ఇంటికి పోయి, కుండలు సర్దేది రామక్క కాబట్టి ఇసుక వేసింది ఆమేనన్నాడు. ఆమె కాదంది. ఆ వారమే మంగళవాడకు పోయి ఆమె అన్నతో కూడా చెప్పాడు. ఆ తరువాత వాళ్లు ఎర్రలు పట్టలేదు. ఆయన ఇదంతా గేటు రిజిస్టరు మీద చెయ్యి పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

పన్నెండున్నరకు గడ్డి కోసే ఆడవాళ్లు బయటికి వచ్చారు. వాళ్లలో ఉన్న రామక్క నేను పోల్చుకోకముందే నన్ను గుర్తుపట్టింది. చిక్కిపోయింది గాని నడక అదే. "ల్యాబ్ సారు గదా" అంది, నవ్వలేదు. గేటు దగ్గర ఇంకో మనిషిని కూర్చోబెట్టి అంజినప్ప కూడా మాతో ఇంటికి వచ్చాడు. అర కిలోమీటరు కూడా లేదు. ఆమె రాగి ముద్ద, ఉలవచారు పెట్టింది. తినేటప్పుడు ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. చేతులు కడుక్కున్నాక, ఆయన చెబుతాడని చూసి, చెప్పకపోతే నేనే మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

రామక్క అంతా విని భర్త వైపు తిరిగింది. "నేనేమంటినయ్యా ఆ పొద్దు? రాత్రంతా మట్టి కక్కించి పంపినా, లోపల ఏమన్నా ఉంటే అది దానిదే, నాది కాదు అంటినా లేదా?"

"అంటివి."

"నువ్వేమంటివి?"

ఆయన తల తువ్వాలు విప్పి మడత పెట్టసాగాడు. ఆమె లేచి బయటికి పోయింది. ప్యానెళ్లు కడిగిన నీళ్లు కాలువగా వచ్చి పడేచోట కంచె ఇవతల గడ్డి పెరిగి ఉంది. వారం కింద వాన కూడా పడిందట. అక్కడి నుంచి ఎర్రలు పైకి తోసిన మట్టి ఉండలు ఒక తట్టలో ఎత్తుకొచ్చింది. నీళ్లు పోసి, బియ్యంలో రాళ్లు తీయడానికి గాలించినట్టు గాలించింది. ఒండు పోయింది. ఇసుక మిగిలింది. ఇంకోసారి, ఇంకోసారి గాలించి, వేలికి తడి చేసుకుని, గసగసాలంత తెల్లటి గింజలు నాలుగు ఏరి పళ్లెంలో పెట్టింది. పక్కనే చిటికెడు ఇసుక పెట్టింది. నిమ్మకాయ కోసి రెండింటి మీదా పిండమని నేను చెప్పాను. ఇసుక అలాగే ఉంది. తెల్ల గింజల చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. మనిషి దగ్గరగా వంగితే తప్ప కనిపించనంత చిన్న బుడగలు. ముగ్గురమూ వంగి చూశాం.

ఈ వైపు నేలలో సున్నపు రాళ్లు కూడా ఉంటాయి, వాటి ముక్కలైనా ఇలాగే పొంగుతాయి. కాబట్టి ఇదొక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదని నేను వాళ్లతో అన్నాను. అప్పట్లో గింజలు కనిపించింది వాటి గొంతులోనే, అది నా కళ్లతో చూశాను, అప్పుడు ఒక నిమ్మకాయ పిండి ఉంటే ఇసుక కాదని అక్కడే తేలిపోయేది అని కూడా అన్నాను.

"ఒక నిమ్మకాయ ల్యాకపాయనా మీ కాలేజీలో?" అంది రామక్క.

తట్ట కడిగి బోర్లించి, చీర మార్చుకుని వచ్చింది. "లేవండి. మంగళవాడకు పోదాం. మా అన్నతో చెప్పల్ల." ఇంకో రోజు పోదామని అంజినప్ప గొణిగాడు. "ఈ సారు మళ్లా ఇరవై ఏండ్లకు వస్తాడు. అప్పటికి ఎవురుంటారు?" అంది. ఆయన ఫోన్ చేసి మధ్యాహ్నం సెలవు చెప్పుకున్నాడు.

శివన్నను పిలిస్తే మూడు వందలకు పావగడ దాకా తెచ్చాడు. అక్కడి నుంచి మంగళవాడ బస్సు మూడింటికి దొరికింది. కర్ణాటక బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవాళ్లకు చార్జీ లేదు. రామక్క ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టర్ మా ఇద్దరికీ టికెట్లు కొడుతుంటే, "తప్పు చేసినోళ్లకే టికెట్టు" అంది. కండక్టర్‌కు అర్థం కాలేదు. అంజినప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె కొంచెం నవ్వుతోంది. అప్పట్లో హిందూపురం బస్సులో కుండ ఒడిలో పెట్టుకున్నప్పుడు కూడా ఆమె అలాగే కిటికీ పక్కన, కాళ్లు రెండూ సీటు మీదికి మడిచి కూర్చుంది. పక్క సీటామె కుండలో ఏముందని అడిగితే, "కాలేజీ పిల్లోళ్లు చదువుకునేదానికి" అని మాత్రం చెప్పింది.

ఆమె అన్న గోవిందప్ప ఇంటి ముందర వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి, చూపు బాగానే ఉంది. చెల్లెల్ని చూసి సంతోషపడ్డాడు. ఈ ఇరవై ఏళ్లలో ఆమె పెళ్లిళ్లకు, చావులకు వచ్చి పోతూనే ఉంది. బయటినుంచి చూస్తే ఏ తేడా లేదు. నన్ను పరిచయం చేసి, చెప్పు సార్ అంది. నేను ఆ రోజుకు మూడోసారి చెప్పాను.

గోవిందప్ప శ్రద్ధగా విన్నాడు. "శనక్కాయ గట్టి పడల్లని మేము జిప్సం మూటలు తెచ్చి చల్లుతాం. అది దానికి కావల్సింది అదే చేసుకుంటాదా? బాగుండాదే" అన్నాడు. తరువాత, "ఇసక అంటే ఏం ఇసక?" అని అడిగాడు.

"నేను ఎర్రలకు ఇసక మేపినానని ఈయన నీకు చెప్పలేదా?" అంది రామక్క.

"ఎప్పుడు?"

"మీ కోడలు పురిటికి ముందు ఏడు."

"నాకు గ్యాపకం లే పాపా. ఏదో చెప్పింటాడు, ఇనింటా."

"నాకుండాది. 'కూలికి పోయినా ఫరవాలేదు, మన ఇంటి ఆడబిడ్డ కల్తీ చేసిందనే మాట రాకూడదు' అంటివి. ఈడ్నే కూచోని అంటివి."

"నేనా?" ఆయన నిజంగానే వెతుక్కున్నాడు. నుదురు రుద్దుకున్నాడు. "లే పాపా. నీ మీద నేనట్ల అనేవాణ్ని కాదు."

రామక్క ముఖం చూసి నాకు భయమేసింది. మోసుకొచ్చిన మాట దించుకోవడానికి చోటు లేకుండా పోయింది. నేను మళ్లీ నోరు తెరవబోతే, "నువ్వు గమ్మునుండు సార్, నీది అయిపోయింది" అంది.

అంజినప్ప అంతదాకా మెట్టు కింద చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. పైకి వచ్చి గోవిందప్ప ఎదురుగా కూర్చున్నాడు.

"బావా. నీకు గ్యాపకం లేకుంటే నేను చెప్తాను, ఇను. ఎర్రలు లావుగా కనపడల్లని నీ చెల్లెలు వాటికి ఇసక మేపింది, కాలేజీలో నా మర్యాద తీసింది అని నీతో చెప్తి. నేను చేయలే అని ఆమె ఏడిస్తే, కాలేజీవాళ్లు చదువుకున్నోళ్లు, నువ్వేం చదివినావు అంటి. మీ అత్త కూడా ఈడ్నే ఉండింది. పక్కింటోళ్లు ఇనిరి. నువ్వు అన్నం కాడినుంచి లేచి ఆమెను అంటివి. అవన్నీ అయినాయి. ఆమె ఇసక ఏలేదు. నేను అబద్ధం చెప్పినట్లే లెక్క."

గోవిందప్ప చేతిలో కాయ వలవకుండా పట్టుకుని ఉన్నాడు. "ఇన్నేండ్లకు చెప్తాండావా?"

"ఇన్నేండ్లకు."

కొంచెం సేపటికి రామక్క అన్న పక్కన చాప మీద కూర్చుని, కాయల కుప్పను తన వైపు సగం లాక్కుంది. ఒక కాయ చిదిమి గింజ చూసింది. "ఇది విత్తనానికి పనికిరాదన్నా, నలిగిపోయుండాది. ఎవురు ఏరినారు దీన్ని?" అంది. తరువాత భర్తతో, "ఊరికే కూచోకపోతే నువ్వూ వలవరాదా" అంది. ఆయన వలవడం మొదలుపెట్టాడు. నాకు కూడా ఒక చేట ఇచ్చారు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో నేను ఎక్కువగా ఆ ల్యాబ్ సింకు గురించే ఆలోచించాను. ఎన్ని వందల గింజలు నా చేతి మీదుగా ఆ తూములోకి పోయాయో. ఒక పురుగు తన గొంతులో కూర్చి చేసినదాన్ని మేము మట్టి అనుకుని కడిగేశాం, పైగా దాన్ని ఒక మనిషి తప్పుగా రాసుకున్నాం. నేను గేటు దగ్గర ఆ మాట అనడానికి నిమిషం కూడా పట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి నా వల్ల కాలేదు, అది అంజినప్ప చేయాల్సి వచ్చింది. అందుకోసం గోవిందప్ప మరిచిపోయిన నిందను ఆయన తన నోటితో మళ్లీ ఒకసారి, ముక్క ముక్కా వేయాల్సి వచ్చింది. ఆ పని అంత కష్టమైనదని హిందూపురంలో బస్సెక్కినప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే వెళ్లేవాణ్ని కాదేమో. వెళ్లినందుకు ఇప్పుడు బాధ లేదు.

ఈ వైపు వెళ్లేవాళ్లకు ఒక సలహా. మంగళవాడ నుంచి పావగడకు చివరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టర్‌ను అడిగి పెట్టుకోండి. చీకటి పడకముందే పోతుంది. మేము అడగలేదు. కాయలు వలుస్తుండగా అది రోడ్డు మీద హారన్ కొట్టి వెళ్లిపోయింది, ముగ్గురమూ విన్నాం, ఎవరూ లేవలేదు.